మన కయ్యలకు రంగులు పూసే హక్కు ఎవరిచ్చారు?



భూమి పోయేది బుల్డోజర్ వచ్చిన రోజున కాదు. అంతకు ఐదేళ్ల ముందో, పదేళ్ల ముందో, ఏదో ఆఫీసులో బల్ల మీద పరిచిన పటంలో మన సర్వే నంబరుకు రంగు పూసిన రోజునే పోతుంది. పసుపు పూస్తే ఇళ్ల స్థలం. ఊదా పూస్తే పరిశ్రమ. మధ్యలో రెండు గీతలు గీస్తే వంద అడుగుల రోడ్డు. ఆ రంగు పూసేవాడికి మన కయ్య కనపడదు, చెరువు తూము కనపడదు. నంబరు మాత్రమే కనపడుతుంది. ఆ రోజున మనం నారు పీకుతూనో, ఎరువుల కోసం వరసలో నిలబడో ఉంటాం. మనకు తెలిసేసరికి పటం మీద సంతకాలు ఆరిపోయి ఉంటాయి.

మద్దతు ధర కోసం కొట్లాడాం. కరెంటు కోసం, కాలవ నీటి కోసం, పంట నష్టపరిహారం కోసం కొట్లాడాం. పట్టణాల మాస్టర్ ప్లాన్ అంటే మాత్రం అది మున్సిపాలిటీ వాళ్ల వ్యవహారం, పట్నంవాళ్ల గొడవ అనుకుని పక్కన పెట్టాం. ఇకమీదట అలా కుదరదు. పట్టణం ఎటు పెరగాలి, ఎంత పెరగాలి, ఎవరి భూమి మీద పెరగాలి అన్నది ఇప్పుడు రైతు సమస్యల్లో మొదటి సమస్య. భూమే లేకపోతే మద్దతు ధర ఎవరికి?

పట్నం మన వైపే నడిచి వస్తోంది

నాయుడుపేట ఎక్కడుందో ఒక్కసారి ఆలోచించండి. ఇటు నెల్లూరు, అటు చెన్నై. మధ్యలో జాతీయ రహదారి, దాని పక్కనే రైలు మార్గం. పడమటికి తిరిగితే శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. దక్షిణాన తడ దగ్గర శ్రీసిటీ. ఉత్తరాన కృష్ణపట్నం రేవు, దాని వెనక క్రిస్ సిటీ అని 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పారిశ్రామిక నగరం. మన మండలంలోనే మేనకూరు సెజ్. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో అప్పు మంజూరు చేసింది. ఆ కారిడార్ కాగితాల్లో నాయుడుపేట ఒక క్లస్టర్. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి మనల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతిలో కలిపారు. మన జిల్లా పేరు మారిన సంగతి అందరికీ తెలుసు. మన పొలం పేరు మారుతున్న సంగతి ఎందరికి తెలుసు?

చెన్నై పట్నానికి మనం కొత్తవాళ్లం కాదు. 1983లో తెలుగుగంగ ఒప్పందం చేసుకుని 15 టీఎంసీల కృష్ణా నీళ్లు ఇస్తామన్నారు. కండలేరు నుంచి పూండికి కాలవ మన ప్రాంతం గుండానే తవ్వారు. దాహం తీర్చడం ధర్మం, దాన్ని మనం కాదనలేదు. కానీ నీళ్లతో ఆగలేదు. చెన్నైలో స్థలం చాలని కంపెనీలు, అక్కడ కాలుష్యం అంటే ఒప్పుకోని కంపెనీలు, అక్కడి ధరలు భరించలేని గోదాములు సరిహద్దు దాటి ఇటు వస్తున్నాయి. నీళ్లు అడిగిన పట్నం ఇప్పుడు నేల అడుగుతోంది.

దీనికి గుర్తు ఏమిటో మన మాటల్లోనే ఉంది. మన పెద్దలు పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెప్పేవాళ్లు. దిగుబడిని పుట్లలో చెప్పేవాళ్లు. ఇప్పుడు టీకొట్టు దగ్గర కూర్చుంటే వినపడేది అంకణాల లెక్క. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరాకు 605 అంకణాలు. ఎకరం ఎన్ని పుట్లు పండింది అని అడిగే నోరు అంకణం ఎంత పలుకుతోంది అని అడగడం మొదలుపెట్టిందంటే, ఆ భూమి సగం మన చేతుల్లోంచి జారిపోయినట్టే.

నాలుగు మెట్లు

భూమి ఒక్కసారిగా పోదు. నాలుగు మెట్ల మీద జారుతుంది. ఆ మెట్లు తెలుసుకుంటే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

మొదటి మెట్టు విలీనం. పక్కనున్న పల్లెను మున్సిపాలిటీలో కలుపుతారు. వీధి దీపాలొస్తాయి, సిమెంటు రోడ్డొస్తుంది అంటారు. పోయేవాటి సంగతి ఎవరూ చెప్పరు. గ్రామసభ పోతుంది, అందరూ ఒకచోట కూర్చుని తీర్మానం చేసే హక్కు పోతుంది. గ్రామీణ ఉపాధి హామీ పని పోతుంది, ఎందుకంటే అది పల్లెలకే. ఇంటి పన్ను పెరుగుతుంది. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పల్లెల్లో భూమి తీసుకుంటే మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు దాకా ఉండే గుణకంతో హెచ్చవేయాలి. ఆ గుణకం ఎంతో రాష్ట్రం చెబుతుంది. పట్టణ ప్రాంతంలో అయితే గుణకం ఒకటే. దాని మీద నూరు శాతం సొలేషియం. లెక్క వేసి చూడండి. ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు, పల్లె గుణకం ఒకటిన్నర అనుకుందాం. పల్లెలో 30 లక్షలు, దానికి సొలేషియం మరో 30 లక్షలు, మొత్తం 60 లక్షలు. అదే కయ్య మున్సిపాలిటీ హద్దులోకి వస్తే 20 లక్షలు, సొలేషియం 20 లక్షలు, మొత్తం 40 లక్షలు. గట్టు మారలేదు, మట్టి మారలేదు. బోర్డు మారినందుకు ఎకరాకు 20 లక్షలు పోయాయి. ఇది వీధి దీపం వెల.

రెండో మెట్టు రంగు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారవుతుంది. చట్టం ప్రకారం దాన్ని ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి. ప్రకటిస్తారు, ఏ పత్రికలోనో ఒక మూల, ఏ ఆఫీసు గోడకో ఒక కాగితం. సర్వే నంబర్లు కనపడనంత చిన్న పటం. గడువు దాటాక మనం వెళ్తే, అప్పుడు ఏం చేశారు అని మననే అడుగుతారు. పరిశ్రమల రంగు పడ్డ పొలాన్ని ఇళ్ల స్థలంగా అమ్ముకోలేం, అందులో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. భూమి మన పేరునే ఉంటుంది. దాని మీద అధికారం మనది కాకుండా పోతుంది. భూసేకరణ కాదు కాబట్టి పరిహారం కూడా లేదు.

మూడో మెట్టు రోడ్డు. బైపాస్, రింగ్ రోడ్డు, వంద అడుగుల రోడ్డు. పటం మీద గీత ఎటు వంగుతుందో చూడండి. పెద్దవాళ్ల తోట దగ్గరకు వచ్చేసరికి గీత పక్కకు వంగి, చిన్న రైతు కయ్య మీదుగా తిన్నగా పోయే పటాలు ఈ దేశంలో తక్కువేమీ కావు.

నాలుగో మెట్టు లేఅవుటు. ఆయకట్టు నడుమ ఒక లేఅవుటు పడితే చాలు. మెరక తోలుతారు, పంట కాలవను పూడ్చి రోడ్డు వేస్తారు, కలుజు నుంచి నీళ్లు పోయే దారి మూస్తారు. దిగువ కయ్యలకు ఎడగారులో చుక్క నీరు అందదు. వానాకాలంలో నీళ్లు పోయే దారి లేక అవే కయ్యలు మునుగుతాయి. రెండు మూడేళ్లు పంట పోయాక దళారి వచ్చి, నీ పొలం ఎటూ బీడే కదా, అమ్మేయమంటాడు. ఆ పొలాన్ని బీడు చేసింది ఎవరు?

వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చాలంటే అనుమతి తీసుకోవాలని 2006లో చట్టం చేశారు. నాలా చట్టం అని అందరికీ తెలిసినదే. అది గొప్ప అడ్డుకట్టేం కాదు. రుసుము కట్టినవాడికి దారి వదిలేది. ఆ మాత్రం తడిక కూడా వ్యాపారానికి అడ్డమని, దాన్ని రద్దు చేస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. తడిక తీసేస్తే చేనులో ఎవరు పడతారో రైతుకు చెప్పక్కర్లేదు.

కామారెడ్డి చెప్పిన పాఠం

పటం దగ్గరే పోరాడితే గెలవొచ్చా? గెలవొచ్చు. తెలంగాణలో కామారెడ్డి రైతులు గెలిచి చూపించారు. కామారెడ్డి హైదరాబాదు కాదు. మన నాయుడుపేట లాంటి ఊరే. జాతీయ రహదారి, రైలు మార్గం, చుట్టూ పొలాలు. పక్క పల్లెలను మున్సిపాలిటీలో కలిపారు. ఆ తర్వాత మాస్టర్ ప్లాన్ ముసాయిదా విడుదల చేశారు. పంట పండే భూములు అందులో పారిశ్రామిక జోనుగా కనపడ్డాయి. 2023 జనవరి మొదటి వారంలో ఆ దిగులుతో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. రైతులు కుటుంబాలతో సహా కలెక్టరేటు ముట్టడికి కదిలారు. ఊరు బంద్ పాటించింది.

అక్కడ మనం గమనించాల్సినవి మూడు. ఒకటి, రైతులు పార్టీల వారీగా చీలిపోకుండా ఐక్య కార్యాచరణ కమిటీగా కూర్చున్నారు. రెండు, వాళ్లు కలెక్టరు దగ్గరకే పోలేదు. వార్డు కౌన్సిలర్లను నిలదీశారు, రాజీనామా చేయమన్నారు. పటాన్ని ఆమోదించేది ఆ కౌన్సిలే అని వాళ్లకు తెలుసు. మూడు, వీధిలో పోరాడుతూనే హైకోర్టు తలుపూ తట్టారు, అభ్యంతరాలూ రాసి ఇచ్చారు. ఫలితం? అదే జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అది చూసి కదిలిన జగిత్యాల రైతులు కూడా తమ ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదాను రద్దు చేయించుకున్నారు.

అంతకు నెల ముందు వరకు మాస్టర్ ప్లాన్ అంటే ఏమిటో ఆ రైతుల్లో చాలామందికి తెలియదు. తెలుసుకున్నారు, కదిలారు, ఆపారు. పటం ముసాయిదాగా ఉన్నప్పుడు కదిలారు కాబట్టి ఆపగలిగారు. ఒక రైతు ప్రాణం పోకముందే కదిలి ఉండాల్సిందన్నది మనందరం మోయాల్సిన బాధ.

అమరావతి చెప్పిన పాఠం

రెండో పాఠం మన రాష్ట్రంలోదే. 2015లో అమరావతి రాజధాని కోసం 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు సమీకరించారు. సేకరణ కాదు, సమీకరణ అన్నారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం; జరీబుకు 1,000 గజాలు, 450 గజాలు. ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు. భూమి లేని పేదకు నెలకు 2,500 పింఛను. కృష్ణ ఒడ్డున మూడు పంటలు పండే జరీబు భూములు అవి. అరటి, పసుపు, కూరగాయలు పండిన నేల.

ఆ తర్వాత ఏమైంది? 2019 డిసెంబరులో కొత్త ప్రభుత్వం మూడు రాజధానులంది. భూమి ఇచ్చిన రైతు చేతిలో పొలం లేదు, స్థలం లేదు, కాగితం ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆడవాళ్లు లాఠీ దెబ్బలు తిన్నారు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుపతికి నడిచారు, మన నెల్లూరు జిల్లా గుండానే నడిచారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది, మూడు నెలల్లో స్థలాలు ఇవ్వమంది. ఆ నవంబరులో ఆ గడువుల మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో మళ్లీ పనులు ప్రారంభించారు. వెంటనే రెండో విడత సమీకరణ మాట ఎత్తారు. మొదటి విడతలో ఇచ్చినవాళ్లకే పూర్తిగా న్యాయం జరగని చోట రెండో విడత!

అమరావతి రైతులు చేసిన పోరాటం చిన్నది కాదు, వాళ్ల కన్నీళ్లు మన కన్నీళ్లే. అయినా రైతుగా మనం తీసుకోవాల్సిన పాఠం ఒకటుంది. పొలం చేతిలో ఉన్న రైతు ప్రభుత్వంతో బేరమాడగలడు. పొలం ఇచ్చి కాగితం తీసుకున్న రైతు ప్రతి ఎన్నికకూ గుండె అరచేతిలో పెట్టుకుని బతకాలి. ఒక ప్రభుత్వం రాసిన కాగితాన్ని ఇంకో ప్రభుత్వం చించగలదు. కయ్యను ఎవరూ చించలేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పట్టా ఉన్నవాడికి స్థలం వచ్చింది. అసైన్డ్ భూమి సాగు చేసుకునే దళిత రైతుకు తక్కువ లెక్క కట్టారు. కౌలు రైతు పేరు ఎక్కడా లేదు. కూలికి వచ్చింది నెలకు 2,500. ఏడాది పొడవునా పని దొరికే పొలాలు పోయాక ఆ డబ్బుతో ఎన్ని రోజులు గడుస్తాయో సమీకరణ రాసినవాళ్లే చెప్పాలి.

ఆపిన చోట్లు ఉన్నాయి

ఎవరు ఆపగలరు ప్రభుత్వాన్ని అని నిట్టూర్చేవాళ్లకు రెండు సంగతులు.

బెంగళూరు పక్కన దేవనహళ్లిలో విమానాల తయారీ పార్కు కోసం 13 ఊళ్లలో 1,777 ఎకరాలు తీసుకుంటామన్నారు. 2022 ఏప్రిల్‌లో రైతులు ధర్నాకు కూర్చున్నారు. వెయ్యి రోజులు దాటినా లేవలేదు. కార్మిక సంఘాలు, దళిత సంఘాలు, కళాకారులు, విద్యార్థులు వాళ్ల వెనక నిలబడ్డారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య భూసేకరణ వదులుకుంటున్నామని ప్రకటించారు. అక్కడ రైతులు మిఠాయి పంచుకుంటున్న వేళ, మన రాష్ట్ర మంత్రి నారా లోకేష్ ఆ కంపెనీలకు ఆహ్వానం పంపారు: ఇటు రండి, బెంగళూరు పక్కనే 8,000 ఎకరాలు సిద్ధంగా ఉన్నాయని. అంటే కన్నడ రైతు గెలిస్తే ఆ భారం తెలుగు రైతు మోయాలా? ఒక రాష్ట్ర రైతు ఒంటరిగా గెలిస్తే చాలదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పంజాబులో 2025లో పట్టణాల విస్తరణ కోసం 65 వేల ఎకరాలకు పైగా సమీకరిస్తామని విధానం తెచ్చారు. ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 200 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. విన్నట్టే ఉంది కదా? రైతు సంఘాలు ట్రాక్టర్లు తీశాయి. ఆగస్టు 7న హైకోర్టు స్టే ఇచ్చింది, నాలుగు రోజులకే ప్రభుత్వం విధానాన్ని ఉపసంహరించుకుంది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చుని మూడు సాగు చట్టాలను వెనక్కి పంపిన రైతులు వాళ్లు. సంఘం బలం అంటే అది.

మన తీరంలోనే ఉలవపాడు మండలం కరేడు చూడండి. ఇండోసోల్ సౌర పరిశ్రమకు 8,348 ఎకరాలు అన్నప్పుడు, 2025 జూన్‌లో ఊరు ఊరంతా జాతీయ రహదారి మీదకు వచ్చింది. రైతులు, మత్స్యకారులు, యానాదులు కలిసి నిలబడ్డారు. గ్రామసభలో ముక్తకంఠంతో వద్దన్నారు. గమనించండి: కరేడుకు గ్రామసభ ఉంది. మున్సిపాలిటీలో కలిసిపోయిన పల్లెకు ఆ గ్రామసభ ఏది?

మనవాళ్లే అడిగే ప్రశ్నలు

రేటు వచ్చినప్పుడు అమ్ముకోవద్దా అని మన రైతులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వ్యవసాయం గిట్టక, అప్పు తీరక అమ్ముకునే రైతును మేము తప్పు పట్టం. కానీ ఆ రేటు ఎవరికి వస్తోందో చూడండి. పటం సంగతి ముందే తెలిసినవాడు పొలం ధరకు కొంటాడు. రంగు మారాక అంకణాల లెక్కన అమ్ముతాడు. రైతుకు ఎకరం ధర, దళారికి 605 అంకణాల ధర. ఆ డబ్బుతో రైతు ఇల్లు కడతాడు, పెళ్లి చేస్తాడు, అప్పు తీరుస్తాడు. మళ్లీ పొలం కొందామంటే మూడు మండలాలు దాటి పోవాలి. రేటు పెరగడం వేరు, రైతు బాగుపడడం వేరు.

అభివృద్ధికి అడ్డం పడతారా అని ఇంకొందరు అంటారు. మేము అడ్డం పడడం లేదు. ముందు తీసుకున్న భూమి లెక్క చెప్పమంటున్నాం. 2014లో కాగ్ దేశంలోని సెజ్‌ల మీద నివేదిక ఇచ్చింది. 45,635 హెక్టార్లు నోటిఫై చేస్తే పని మొదలైంది 28,488 హెక్టార్లలోనే అని తేల్చింది. కాకినాడ సెజ్ రైతులు ఏళ్ల తరబడి పోరాడితే, 2,180 ఎకరాలు తిరిగి ఇవ్వాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించక తప్పలేదు. అవసరం లేకుండానే తీసుకున్నారని ఒప్పుకున్నట్టే కదా? పాత భూమిని కంచె వేసి తుమ్మ చెట్లకు వదిలేసి, కొత్తగా మాగాణి అడగడం అభివృద్ధి ఎలా అవుతుంది?

పట్నంలో పేదలకు ఇళ్లు వద్దా అన్నది మూడో ప్రశ్న. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పట్నంలో అద్దె కొంపల్లో ఉండే పేద మన పగవాడు కాదు. మొన్నటి దాకా మన పక్క కయ్యలో కలుపు తీసిన మనిషే. 2007 జూలై 28న ముదిగొండలో ఇళ్ల స్థలాల కోసం, భూమి కోసం రోడ్డెక్కిన పేదల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఆ పోరాటం మనది కాదని ఏ రైతు సంఘమూ అనలేదు. పేదల ఇళ్లకు ఊరి పక్కనే, పనికి దగ్గరగా స్థలం ఇవ్వాలి. మాగాణి నడుమ పల్లంలో కాదు, కబ్జాలో ఉన్న ప్రభుత్వ భూమి విడిపించి ఇవ్వాలి. పెద్ద లేఅవుటు వేసేవాడు పేదలకు వాటా వదలాలి. రైతుకూ పేదకూ తగవు పెట్టి మధ్యలో లాభం తీసేవాడిని ఇద్దరూ కలిసి పట్టుకోవాలి.

చట్టం ఉంది, చిల్లులు పెట్టారు

2013 చట్టం ఊరికే రాలేదు. నందిగ్రామ్‌లో, సింగూరులో, మన సోంపేటలో, కాకరాపల్లిలో రైతులు రక్తం చిందిస్తే వచ్చింది. సామాజిక ప్రభావ అంచనా వేయాలని, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం మంది ఒప్పుకోవాలని, నీటి వసతి ఉండి రెండు మూడు పంటలు పండే భూమిని తప్పనిసరైతే తప్ప ముట్టుకోకూడదని అందులో రాశారు. 2014 చివర్లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఈ రక్షణలు తీసేయబోయింది. దేశమంతా రైతులు లేచేసరికి 2015 ఆగస్టులో దాన్ని వదిలేసింది. అక్కడ ఓడిపోయిన ఆర్డినెన్సు దొడ్డిదారిన రాష్ట్రాల్లోకి వచ్చింది. మన రాష్ట్రం 2018లో సవరణ చేసి, పారిశ్రామిక కారిడార్ల వంటి పనులకు ప్రభావ అంచనా నుంచి, ఆహార భద్రత అధ్యాయం నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకుంది. కారిడార్ పక్కన ఉన్న మనకు ఆ సవరణ మెడ మీద కత్తి. అప్పుడు తెచ్చినవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు, మళ్లీ వచ్చినవాళ్లు ఎవరూ దాన్ని రద్దు చేయలేదు. జెండా రంగు మారినా పటం మీద పూసే రంగు ఒకటే.

ఇప్పుడు చేయాల్సింది

సంఘం సభ్యులు, గ్రామ కమిటీలు ఈ పనులు వెంటనే మొదలుపెట్టాలి.

ఒకటి. మీ ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో, మాస్టర్ ప్లాన్ ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. సర్వే నంబర్లతో సహా పటం నకలు అడగండి. వచ్చిన పటాన్ని రచ్చబండ దగ్గర గోడకు అతికించండి. చదువుకున్న పిల్లలతో ప్రతి సర్వే నంబరూ బయటకు చదివించండి.

రెండు. ముసాయిదా ప్రకటిస్తే గడువు లోపల ప్రతి రైతూ విడివిడిగా అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఊరంతా కలిసి ఒక అర్జీ ఇస్తే అది ఒక అభ్యంతరమే. మూడు వందల మంది ఇస్తే మూడు వందలు. ముద్ర వేసిన రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు.

మూడు. విలీనం మాట వినపడగానే గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి. గ్రామసభ ఉన్నప్పుడే దాన్ని వాడుకోవాలి.

నాలుగు. చెరువు, తూము, కలుజు, పంట కాలవల హద్దులు పాత ఎఫ్ఎంబీ పటాలతో సరిచూసి రాసుకోండి. లేఅవుటు పేరుతో కాలవ పూడ్చిన మొదటి రోజే ఫోటో తీయండి, ఫిర్యాదు చేయండి. తొలి తట్ట మట్టి పడ్డప్పుడు ఆపడం తేలిక.

ఐదు. కౌలు రైతులు, కూలీలు, డి.కె.టి. పట్టాదారులు, యానాది కుటుంబాలు లేకుండా ఏ కమిటీ వేయొద్దు. పట్టాదారు ఒక్కడే కూర్చుంటే ప్రభుత్వం రేటు పెంచి అతన్ని లేపుతుంది. కౌలుదారుడు, కూలి కూడా కూర్చుంటే లేపడం కష్టం. కౌలు రైతుల సాగు కార్డులకు భూయజమానులు సంతకం చేయాలి. సాటి రైతు పేరు కాగితం మీదకు రావడం మనకే బలం.

ఆరు. వార్డు కౌన్సిలరు, సర్పంచు, ఎమ్మెల్యే ఎవరొచ్చినా ఒకే ప్రశ్న అడగండి: మాగాణికి రంగు మార్చే పటానికి చేయి ఎత్తుతావా, ఎత్తవా? జవాబు నలుగురి ముందు చెప్పించండి.

ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నది ఇది. చెరువులు, కాలవల కింద ఉన్న ఆయకట్టును మాస్టర్ ప్లాన్లలో శాశ్వత వ్యవసాయ జోనుగా ప్రకటించాలి. 2018 సవరణను రద్దు చేయాలి. మున్సిపాలిటీలో కలిపిన పల్లెల్లో సాగు భూమికి పల్లె గుణకమే వర్తింపజేయాలి. భూమి పోయే చోట కౌలు రైతుకూ కూలికీ పరిహారంలో వాటా ఇవ్వాలి. సెజ్‌లలో, పారిశ్రామిక పార్కుల్లో ఖాళీగా ఉన్న భూమి ఎంతో లెక్క ప్రకటించి, అది నిండేదాకా కొత్త సేకరణ ఆపాలి.

నెల్లూరు మొలగొలుకులు, నెల్లూరు మసూరి పండిన నేల ఇది. ఈ అన్నం చెన్నై తిన్నది, తిరుపతి తిన్నది. పట్నానికి అన్నం పెట్టే నేలను పట్నమే మింగితే రేపు దాని కంచంలో ఏం పడుతుంది? పట్నాలు పెరగాలి, కాదనం. ఎటు పెరగాలో చెప్పేటప్పుడు ఆ బల్ల దగ్గర మనకూ కుర్చీ ఉండాలి. వాళ్లంతట వాళ్లు కుర్చీ వేయరు. పటం పరిచిన చోటికి మనమే వెళ్లి కూర్చోవాలి.

పటం తయారవుతోంది. రంగు ఇంకా ఆరలేదు. కదలండి.